తీగ ఎక్కడ పెట్టావ్?

నాగమణమ్మ కొంగుముడి విప్పి, అందులోంచి ఒక గోరు తీసి బల్ల మీద పెట్టింది.

మనిషి గోరు. వేలి నుంచి మొత్తంగా ఊడి వచ్చింది. అంచున రక్తం నల్లగా ఎండిపోయి ఉంది. అసిస్టెంట్ సోమశేఖర్ నోటి దాకా ఎత్తిన టీ గ్లాసు కింద పెట్టేశాడు.

ప్రైవేట్ డిటెక్టివ్ పరబ్రహ్మం మాత్రం కళ్ళజోడు సర్దుకుని, గోరును అటూ ఇటూ తిప్పి చూశాడు. పదేళ్ళ క్రితం దాకా ఆయన కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. మొఘల్‌పురాలో గడియారాలు బాగుచేసే దుకాణం మీది ఈ ఒంటి గదికి మారాక కూడా, దేన్ని చూసినా పరీక్షనాళికలో వేసిన సరుకును చూసినట్టే చూస్తాడు.

“ఎవరిది?”

“మా ఇంటాయనది సారూ. ఠాణాల సద్ది గిన్నె ఇయ్యవోతే జవాను నా చేతుల పెట్టిండు. దాచుకో అని నవ్విండు. రోజుకు ఒకటి రెండు పీకుతున్నరు. కుడిచేతిల మూడు వేళ్ళు అయిపోయినయ్. బొటనేలు, చూపుడేలు మిగిలినయ్. ముత్యానికి బెజ్జం కొట్టే సూది ఆ రెంటితోనే పడ్తడు సారూ. అవి గూడ పోతే ఆ మనిషి బతికి ఏం జేస్తడు?”

“ఏమడుగుతున్నారు?”

“తీగ యాడ పెట్టినవ్ అని. తియ్యనోడు ఏం చెప్తడు?”

సంగతి సోమశేఖర్ పేపర్లో చదివాడు. సోమవారం మధ్యాహ్నం మొఘల్‌పురా ముత్యాల వ్యాపారి రామ్‌చందర్‌ను ఆయన ఇంట్లోనే ఎవరో సన్నని తీగతో మెడ బిగించి చంపారు. పైగదికి వెళ్ళి శవాన్ని మొదట చూసినవాడు బెజ్జాలు కొట్టే పనివాడు బీరయ్య. పోలీసులు అతన్నే పట్టుకున్నారు. ఈ రోజు బుధవారం.

“రేపు సాయంత్రానికల్లా మీ ఆయన్ని ఇంటికి పంపిస్తానమ్మా,” అన్నాడు పరబ్రహ్మం. “వెళ్ళిరా.”

ఆమె ఆయన కాళ్ళ మీద పడింది. సోమశేఖర్ ఛాతీ ఉప్పొంగింది. ఉప్పుగూడ నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చి ఆయన దగ్గర చేరి నాలుగేళ్ళయింది. సార్ గడువు పెట్టి తప్పడం ఒక్కసారి కూడా చూడలేదు.

* * *

ఠాణాలో ఇన్‌స్పెక్టర్ శ్రీహరిరావు కుర్చీలో వెనక్కి వాలి కాళ్ళు చాపాడు.

“ఇందులో మీరు కనిపెట్టడానికేముంది మాస్టారూ? వీధి తలుపు లోపలినుంచి గడియ వేసి ఉంది. ఇంట్లో నలుగురే. చచ్చినాయన, ఆయన భార్య విమలాదేవి, తమ్ముడు బాలనర్సింహ, ఈ బీరయ్య. బీరయ్య పీట పక్కన సూదులు చేసుకునే బల్బు తీగ చుట్ట ఉండేది. మెడ మీద గాటు సరిగ్గా ఆ తీగ మందమే ఉందని డాక్టర్ చెప్పాడు. ఆ చుట్ట ఇప్పుడు లేదు.”

“బల్బు తీగా?”

“టంగ్‌స్టన్. ఆ ఇంటి బయటి వాటాలో అద్దెకుండే వీరరాఘవరావు అనే ఆయన బల్బుల ఫ్యాక్టరీలో ఫిలమెంట్ సెక్షన్. ఆయనే తెచ్చిచ్చాడు. స్టీలు సూది కన్నా బాగా పనిచేస్తుందట. హత్యప్పుడు ఆయన డ్యూటీలో ఉన్నాడు, మేం కనుక్కున్నాం. ఆ తీగ నిప్పులో వేసినా కాలదు, యాసిడ్‌లో వేసినా కరగదు అని ఆయనే చెప్పాడు. కాలదు, కరగదు, ఇంట్లోంచి ఎవరూ బయటికి పోలేదు. అంటే ఎక్కడో దాచాడు. అందుకే అడుగుతున్నాం.”

“గోళ్ళతో.”

“వాడి నోరు పలకట్లేదు మాస్టారూ. ఆ తమ్ముడే చెప్పాడు, వాడి ప్రాణం వేళ్ళలో ఉంది, అక్కడ అడగండి అని. మంచి సలహాయే.” ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. “ఇల్లంతా గాలించాం. బియ్యం డబ్బాలు, బావి, పైకప్పు, అందరి ఒళ్ళూ. డాబా మీద ముత్యాలు నానేసే సీసాలు కూడా. మా జవాను ఒకడు తెలివితక్కువగా ఆ నీళ్ళలో వేలు పెట్టాడు. క్షణంలో వేలంతా సున్నం పూసినట్టు తెల్లబడింది. కుయ్యో మొర్రో అని ఏడిచాడు.”

బీరయ్యను చూడనిచ్చారు. అతను గోడకు జారగిలబడి, కుడిచేతిని ఎడమచేత్తో పసిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకుని ఉన్నాడు. సోమశేఖర్ ఆ చేతివంక చూడలేక కిటికీ వైపు తిరిగాడు.

“తీగ చుట్ట ఆఖరున ఎప్పుడు చూశావు?” అన్నాడు పరబ్రహ్మం.

“సోమారం పొద్దుగాల సారూ. సూది ఇరిగితే కొత్తది కోసుకున్న. పన్నెండింటికి సద్ది తిననీకి పెరట్లకు పోయిన. మళ్ళొచ్చి, బెజ్జాలు వడ్డ ముత్యాలు ఇద్దామని పైకి పోతే... పెద్ద సేటు...”

“సూదులు తరచూ విరుగుతాయా?”

“ఎప్పుడో ఓసారి. నెల కింద పెద్ద లొల్లయింది. మంచి ముత్యంల సూది మొన ఇరిగి ఇరుక్కుంది. నేను గాదు, చిన్న సేటు పనది. ఆయనకు చేతులు వణుకుతయ్ సారూ, రెండేండ్ల సంది. పెద్ద సేటు అందరి ముందట చెంప మీద కొట్టిండు. ‘ఇగ నువ్వు పీట మీద కూసోకు, బీరయ్య కూసుంటడు’ అన్నడు. మూడు రోజులకు ముత్యం మల్ల నా దగ్గరికొచ్చింది. బెజ్జం సాఫ్‌గుంది. మొన ఎట్ల తీసిన్రో నాకెరుక లేదు.”

పరబ్రహ్మం లేచాడు. “రేపటిదాకా ఓపిక పట్టు బీరయ్యా.”

బీరయ్య తన బొటనవేలునూ చూపుడువేలునూ చూసుకుని తల ఊపాడు.

* * *

రామ్‌చందర్ ఇల్లు పాతకాలపు రెండంతస్తుల మేడ. కింద హాల్లో బెజ్జాలు కొట్టే పీట, పక్కన సూదిని తిప్పే విల్లులాంటి రెండు కమాన్లు. పై అంతస్తులో ఆయన గది, ఆ గదిని ఆనుకునే డాబా మీదికి మెట్లు.

విమలాదేవి కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అయినా డిటెక్టివ్‌ను ఆమే డాబా మీదికి తీసుకువెళ్ళింది. అడుగున, చుట్టూ అద్దాలు బిగించిన గాజుపెట్టెలో మూడు సీసాలు ఎండకు మెరుస్తున్నాయి.

“బెజ్జాలు ఆడోళ్ళు కొట్టరు, సీసాలు మొగోళ్ళు ముట్టరు. మా ఇంట్ల రివాజు,” అంది. “పెరాక్సైడు పోసి, మూడు చుక్కలు అమోనియా ఏసి అయిదు రోజులు ఎండల పెడ్త. పసుపు డాగులు పోయి తెల్లగైతయ్. కాని సూడుండ్రి, మూడో సీసా ముత్యాలు. మంచి సరుకు. ఏమైందో ఏమో.”

పరబ్రహ్మం చిన్న చెంచాతో ఒక ముత్యం తీసి, కడిగి అరచేతిలో వేసుకున్నాడు. మిగతా సీసాల్లో ముత్యాలు నిగనిగలాడుతుంటే ఇది సుద్దముక్కలా ఉంది. గోటితో గీస్తే పొడి రాలింది.

“అమోనియా బుడ్డి ఏదమ్మా?”

ఆమె గూట్లోంచి తెచ్చి, చూసి తెల్లబోయింది. “సగం ఉండె. ఖాళీగుంది! మూడు చుక్కలకు మించి పొయ్యనీకి నాకేమన్న పిచ్చా? ఎక్కువైతే ముత్యం కాలుతది.”

“సోమవారం పోలీసులు వచ్చినప్పుడు ఈ సీసా ఎలా ఉంది?”

“బుసబుస పొంగుతుండె, నురుగు. ఎండ మస్తుగుంది, అందుకే అనుకున్న. ఆ టైంల నాకు సీసాల ఫికరెక్కడిది?” కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. “ఇంట్ల పీనుగ లేచి ఇంకా గంట కాలేదు, మా మరిది వేళ్ళకు సున్నం బెట్టుకొని కూసున్నడు. అన్న సచ్చిన పూట పాన్ కట్టుకునుడేంది, చెప్పుండ్రి?”

పరబ్రహ్మం ఆమె అనుమతితో మూడు సీసాల నుంచీ మూడు బుడ్లలో ద్రవం పట్టించి, సోమశేఖర్ సంచిలో పెట్టించాడు.

కింద బాలనర్సింహ టీ తాగుతున్నాడు. సాసరులో కప్పు టకటక కొట్టుకుంటోంది. నలభై అయిదేళ్ళ మనిషి, బుగ్గలు లోపలికి పోయాయి.

“ఏమన్న దొరికిందా సారూ?”

“వెతుకుతున్నాం. హత్య జరిగినప్పుడు మీరెక్కడున్నారు?”

“గీ గదిలనే పండిన. మీదికి పోనే లేదు.”

“డాబా మీదికి?”

“ఆడోళ్ళ జాగ అది. నాకేం పని? ఏండ్లయింది ఎక్కి.”

సోమశేఖర్ జేబులోంచి పాన్ పొట్లం తీసి మర్యాదగా చాపాడు. బాలనర్సింహ అడ్డంగా తల ఊపాడు. “వద్దు తమ్మీ. పండ్లు పోయినయ్, పాన్ బంద్ చేసి రెండేండ్లాయె.” మళ్ళీ డిటెక్టివ్ వైపు తిరిగాడు. “ఆ బీరిగాడు ఒప్పుకున్నడా? ఆని చేతికి ఇంకా ఎన్ని వేళ్ళున్నయ్?”

ఆ ప్రశ్నలో ఆరాటం చూసి సోమశేఖర్ పాన్ పొట్లాన్ని జేబులో పెట్టేసుకున్నాడు.

బయటి వాటాలో వీరరాఘవరావు అప్పుడే డ్యూటీ నుంచి వచ్చాడు. కృష్ణాజిల్లా మనిషి.

“నా మీదికి వస్తుందాండీ? ఊరికే రెండు మూరల తీగ ఇచ్చానండీ, అంతే.”

“అది యాసిడ్‌లో కరగదని మీకెలా తెలుసు?”

“అయ్యో, నా ఉద్యోగమే అదండీ! ఫిలమెంట్‌ను మాలిబ్డినం తీగ మీద చుట్టి యాసిడ్‌లో ముంచుతాం. లోపలి మాలిబ్డినం అంతా కరిగిపోతుంది, టంగ్‌స్టన్ చుట్ట చెక్కుచెదరకుండా మిగులుతుంది. పద్దెనిమిదేళ్ళుగా చూస్తున్నా. ఇన్‌స్పెక్టర్ గారికి ప్రమాణం చేసి చెప్పాను, ఆ తీగ ఎక్కడో ఉండి తీరాలని.”

“మీ ప్రమాణానికి ఒక మనిషి గోళ్ళు ఊడుతున్నాయండీ,” అన్నాడు పరబ్రహ్మం.

* * *

గురువారం పొద్దున, మొఘల్‌పురా గదిలో స్పిరిట్ స్టవ్ వెలిగింది. పరబ్రహ్మం మొదటి బుడ్డిలోని ద్రవంలో కాస్త కాస్టిక్ సోడా వేసి, పొంగు పూర్తిగా అణిగేదాకా మరిగించాడు. చల్లారాక యాసిడ్ పోసి, అరిగిపోయిన టార్చి బ్యాటరీ డొప్ప నుంచి కత్తిరించిన జింకు ముక్క వేశాడు. బుడగలు వచ్చాయి తప్ప రంగు మారలేదు. రెండోదీ అంతే.

మూడోది వేరు. జింకు ముక్క చుట్టూ ఆకాశం రంగు పొగలాంటిది లేచింది. చూస్తుండగానే చిక్కబడి, గాజుకుప్పె అడుగునుంచి అంచుదాకా సిరాబుడ్డిలా నీలంగా మారిపోయింది.

“అద్భుతం సార్!” అన్నాడు సోమశేఖర్. “తీగ ఇదేనా?”

“ఇదే. టైమెంత?”

“పది.”

“రాసుకో. నాలుగు గంటలకు రామ్‌చందర్ ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టు. ఇన్‌స్పెక్టర్‌ని కూడా. బీరయ్యను వెంట తీసుకురమ్మను.”

సోమశేఖర్ ఒక క్షణం తటపటాయించాడు. “సార్, కింద దుకాణంలో ఫోనుంది. ఠాణాకి ఇప్పుడే ఒక్క మాట చెప్పేస్తే...”

“ఫోన్లో చెబితే ఆ శ్రీహరిరావుకు ఏం అర్థమవుతుందయ్యా? కంటితో చూడాలి. అందరి ముఖాలూ ఒకచోట ఉన్నప్పుడు, వాళ్ళ ముందే నీలం రంగు లేవాలి. దొంగ ముఖం అప్పుడు చూడాలి.” పరబ్రహ్మం కుప్పెను కిటికీ వెలుగుకు ఎత్తి, ముచ్చటగా చూసుకున్నాడు. “నాలుగ్గంటలకు.”

సార్ చెప్పాడంటే కారణం ఉంటుంది. సోమశేఖర్ కబురు మాత్రం అందించి వచ్చాడు.

* * *

నాలుగింటికి బెజ్జాల హాలు నిండింది. విమలాదేవి తలుపు పక్కన. బాలనర్సింహ ఖాళీ పీటకు దగ్గరగా. వీరరాఘవరావు చెమటలు తుడుచుకుంటూ. ఇన్‌స్పెక్టర్ కుర్చీ వేయించుకున్నాడు. ఆయన వెనక నేల మీద బీరయ్య, ఒళ్ళంతా గొంగడి కప్పుకుని తల వాల్చి కూర్చున్నాడు. పక్కనే నాగమణమ్మ.

“మూడు రోజులుగా ఒక్కటే ప్రశ్న,” అన్నాడు పరబ్రహ్మం బల్ల మీద కుప్పెలు పేరుస్తూ. “తీగ ఎక్కడ? నిప్పుకు కాలదు, యాసిడ్‌కు కరగదు అన్నారు. రెండూ నిజమే. కాని అది కరగడానికి ఇంకో దారి ఉంది. ఆమ్లానికి మొండికేసే టంగ్‌స్టన్, క్షారం చేరిన పెరాక్సైడులో నెమ్మదిగా కరిగి నీళ్ళలో కలిసిపోతుంది. రంగు కూడా ఉండదు. అలాంటి నీళ్ళు ఈ ఊళ్ళో ముత్యాల ఇళ్ళ డాబాల మీద రోజూ ఎండలో ఉంటాయి.”

వీరరాఘవరావు చెమట తుడుచుకోవడం ఆపాడు.

“మొదటి సీసా,” అంటూ పరబ్రహ్మం జింకు వేశాడు. రంగు లేదు. “రెండోది.” రంగు లేదు. “ఇది మూడోది.”

నీలం లేచింది. ఇన్‌స్పెక్టర్ కుర్చీలోంచి లేచి వంగి చూశాడు.

“కరిగిన టంగ్‌స్టన్‌కు యాసిడ్‌లో జింకు తగిలితే ఈ నీలం వస్తుంది. మీ జవాన్లు వెతుకుతున్నప్పుడు తీగ ముత్యాల కుప్ప కింద కరుగుతోంది శ్రీహరిరావు గారూ. అందుకే ఆ నురుగు. అందులో వేసినవాడికి ఈ కిటుకు ఎలా తెలుసు? నెల కిందట ముత్యంలో విరిగిన సూది మొన మూడు రోజుల్లో మాయమైంది. సీసాలో వేస్తే దానంతట అదే కరిగిందని ఒక్కడు గమనించాడు. మొనకు మూడు చుక్కల అమోనియా, మూడు రోజులు చాలాయి. రెండు మూరల తీగకు చాలవు, పైగా పోలీసులు గంటలో వస్తారు. అందుకని బుడ్డి మొత్తం పోసేశాడు. సీసాలు చూసుకునే ఆడవాళ్ళెవరూ ఆ పని చేయరు, ముత్యం పొర కాలిపోతుందని వాళ్ళకు తెలుసు. జీవితమంతా పీట మీద కూర్చున్న మగవాడికి తెలియదు. ముత్యాలు సుద్ద అయ్యాయి.”

విమలాదేవి మెల్లగా మరిది వైపు తిరిగింది.

“తీగను కుప్ప కిందికి తొయ్యడానికి ఆ నీళ్ళలో వేళ్ళు పెట్టాడు. జవాను వేలు తెల్లబడినట్టే అవీ తెల్లబడ్డాయి. చూసినవాళ్ళు సున్నం అనుకున్నారు. రెండేళ్ళుగా పాన్ ముట్టని మనిషికి సున్నం ఎక్కడిది బాలనర్సింహ గారూ? ఏళ్ళ తరబడి డాబా ఎక్కని మనిషి వేళ్ళకు పెరాక్సైడు ఎక్కడిది?”

బాలనర్సింహ లేవలేదు. అతని చేతులు ఒళ్ళో వణుకుతున్నాయి.

“వణికే చేతుల్లో సూది నిలవదు. కమాను కర్రలకు తీగ చుట్టి లాగడానికి మాత్రం వణుకు అడ్డం రాదు. బీరయ్య తిండికి వెళ్ళినప్పుడు అతని పీట మీది తీగే తీసుకున్నారు. అన్న చచ్చిపోవాలి, ఆ పీట మీద కూర్చున్నవాడు ఉరికంబం ఎక్కాలి.”

“ఉరెందుకు?” అన్నాడు బాలనర్సింహ. గొంతు ప్రశాంతంగా ఉంది. “ముప్పై ఏండ్లు నేను కొట్టిన బెజ్జాలు సారూ. ఎంటికె దూరనంత సన్నం. మా అన్న నన్ను కూలోళ్ళ ముందట కొట్టి, నా పీట ఆనికిచ్చిండు. నాకు అన్న ప్రాణం గావాలె, ఆని వేళ్ళు గావాలె. ఇన్‌స్పెక్టర్ సాబ్ రెండోది చేసిపెట్టిండు.” బీరయ్య వైపు మెడ చాపాడు. “గొంగడి తియ్యిరా. సూడనియ్యి.”

“వాడికి బేడీలెయ్యండి!” అని అరిచాడు ఇన్‌స్పెక్టర్. జవాన్లు బాలనర్సింహను లాక్కుంటూ పోయారు. అతను గుమ్మం దాటేదాకా గొంగడి వంకే చూస్తూ పోయాడు.

వీరరాఘవరావు చప్పట్లు కొట్టబోయి, మరెవరూ కొట్టకపోవడం చూసి ఆగిపోయాడు. పరబ్రహ్మం కళ్ళజోడు తుడుచుకుంటూ నాగమణమ్మ దగ్గరికి వచ్చాడు.

“చెప్పాను కదమ్మా. గురువారం సాయంత్రం. మీ ఆయన నిర్దోషి.”

నాగమణమ్మ మొగుడి ఒంటి మీది గొంగడిని కాస్త పక్కకు తీసింది.

కుడిచేతికి ఉన్న గుడ్డ తడిగా, ఎర్రగా ఉంది. బొటనవేలు, చూపుడువేలు ఉండాల్సిన వైపున వేళ్ళ ఆకారం లేదు. బీరయ్య ఆ చేతిని దాచుకోలేదు. అది తనది కానట్టు వదిలేశాడు.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. “ఈ రోజు ఆఖరి ప్రయత్నం అన్నారు మావాళ్ళు. బూటు కింద... నేను భోజనానికి వెళ్ళాను. మీరు కబురు పంపినప్పుడు ఏమీ చెప్పలేదు కదా మాస్టారూ, నాలుగింటికి రమ్మన్నారంతే.”

“ఎన్ని గంటలకు?” అన్నాడు పరబ్రహ్మం.

“పన్నెండు, పన్నెండున్నర.”

నాగమణమ్మ బల్ల మీది నీలం రంగు కుప్పెను చూసింది. తర్వాత డిటెక్టివ్‌ను చూసింది.

“మీకెప్పుడు ఎరుకైంది సారూ?”

పరబ్రహ్మం కళ్ళజోడు తుడుస్తూనే ఉన్నాడు. అద్దాలు ఎప్పుడో శుభ్రమయ్యాయి.

ఆమె సోమశేఖర్ వైపు తిరిగింది. “నువ్వన్న చెప్పు అన్నా. ఎప్పుడు ఎరుకైంది?”

సార్ తనవంక చూస్తున్నాడని సోమశేఖర్‌కు తెలుసు. ఆ చూపు ఏమడుగుతోందో కూడా తెలుసు.

“పొద్దున పది గంటలకమ్మా,” అన్నాడు.